బీమా ‘రాదు’ అన్నాక.. ఆసుపత్రి బిల్లు ముందు నిలబడ్డ కుటుంబానికి ఉన్న దారులు

విజయవాడ సూర్యారావుపేట ఆసుపత్రుల డిశ్చార్జి కౌంటర్ల దగ్గర తరచూ వినిపించే మాట ఇది: “భాయ్, కంపెనీ నుంచి అప్రూవల్ రాలేదు. బ్యాలెన్స్ కట్టేసి పేషెంట్‌ని తీసుకెళ్లండి.” పెడన నుంచో అవనిగడ్డ నుంచో రాత్రికి రాత్రి అంబులెన్సులో వచ్చిన కుటుంబం అనుకుందాం. ఇంటిపెద్దకు స్టెంట్ వేశారు, గండం గడిచింది. అమ్మయ్య అనుకునేలోపే చేతికి రెండున్నర లక్షల బిల్లు వచ్చింది. ఏటా ప్రీమియం కట్టిన పాలసీ కార్డు జేబులోనే ఉంది. అప్పుడు చాలామంది వెంటనే ఫోన్ తీస్తారు. ఆ ఫోన్ బీమా కంపెనీకి కాదు, అప్పిచ్చేవాడికి.

ఆ ఫోన్ ఎక్కడికి తీసుకెళ్తుందో బెజవాడకు ఎవరూ చెప్పక్కర్లేదు. 2015 డిసెంబరులో బయటపడ్డ కాల్ మనీ వ్యవహారం ఊరందరికీ గుర్తే. నూటికి నెలకు పది రూపాయల వడ్డీ అంటే ఏడాదికి 120 శాతం. రెండున్నర లక్షలు తెస్తే నెలకు 25 వేలు వడ్డీకే పోతాయి. పది నెలలు తిరిగేసరికి ఆసుపత్రి బిల్లు ఎంతో వడ్డీ కూడా అంత అవుతుంది, అసలు మాత్రం అలాగే ఉంటుంది.

కౌంటర్ దగ్గర ‘రాదు’ అన్న మాటకూ, అప్పు కోసం చేసే ఫోన్‌కూ మధ్య చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి. వాటికో వరుస ఉంది, గడువులు ఉన్నాయి. బీమా కంపెనీ మొదట చెప్పిన ‘రాదు’ చివరి మాట కాదు. అయితే దాన్ని మార్చాలంటే చేతిలో కాగితం ఉండాలి.

‘రాదు’ అంటే మూడు రకాలు

మొదటిది, క్యాష్‌లెస్ రాకపోవడం. ఆసుపత్రికి నేరుగా డబ్బు కట్టడానికి కంపెనీ ఒప్పుకోలేదు, అంతే. క్లెయిమ్ కొట్టేసినట్టు కాదు. ముందు డబ్బు కట్టి, బిల్లులన్నీ పెట్టి రీయింబర్స్‌మెంట్‌కు దరఖాస్తు చేసుకోవచ్చు. ఈ తేడా తెలియక, క్యాష్‌లెస్ రానిరోజే ఆశ వదిలేసుకున్న ఇళ్లు చాలా ఉంటాయి.

రెండోది, కోత. బిల్లులో కొంత ఇచ్చి కొంత ఆపుతారు. మూడోది, పూర్తి తిరస్కరణ. పాత జబ్బు దాచారనో, వెయిటింగ్ పీరియడ్ అవలేదనో, ఆ చికిత్స పాలసీలో లేదనో చెబుతారు.

ఈ మూడింటిలో ఏది జరిగిందో తేల్చుకోవడం మొదటి పని. ‘రాలేదు’ అని కౌంటర్‌లో నోటితో చెప్పిన మాట ఎక్కడా చెల్లదు. బీమా రంగాన్ని నియంత్రించే ఐఆర్‌డీఏఐ 2024 మే 29న ఇచ్చిన మాస్టర్ సర్క్యులర్ ప్రకారం, క్లెయిమ్‌ను పూర్తిగా కాదన్నా, కొంత కోసినా, పాలసీలోని ఏ షరతు కింద అలా చేశారో కంపెనీ చెప్పి తీరాలి. పైగా కంపెనీలోని సమీక్ష కమిటీ ఆమోదం లేకుండా ఏ క్లెయిమ్‌నూ తిరస్కరించకూడదు. కాబట్టి ఆసుపత్రిలో టీపీఏ డెస్కు దగ్గర అడగాల్సింది ఒకటే: కారణం, షరతు నంబరు ఉన్న లెటర్ లేదా మెయిల్.

ఆ రోజు కౌంటర్ దగ్గర

అదే సర్క్యులర్‌లో టైము లెక్క కూడా ఉంది. క్యాష్‌లెస్ అడిగిన గంటలోపు కంపెనీ ఏదో ఒకటి చెప్పాలి. ఆసుపత్రి ఫైనల్ బిల్లు పంపాక మూడు గంటల్లోపు డిశ్చార్జికి ఆమోదం తేల్చాలి. అంతకన్నా ఆలస్యమై ఆసుపత్రి అదనంగా వసూలు చేస్తే ఆ భారం బీమా కంపెనీదే, రోగిది కాదు. బిల్లు ఎన్నింటికి పంపారో, జవాబు ఎన్నింటికి వచ్చిందో రాసి పెట్టుకోవాలి.

తర్వాత ఐటమ్‌వారీ బిల్లు అడగాలి. “మందులు: 84,000” అని ఒక్క ముక్కలో ఇస్తే సరిపోదు. ఏ మందు ఎన్ని, ఏ రోజు, ఎంత అన్నది కనపడాలి. వాపసు చేసిన మందులు బిల్లులోంచి తీశారో లేదో చూడాలి. ఒకే పరీక్ష రెండుసార్లు పడిందేమో చూడాలి. స్టెంట్లకు 2017 ఫిబ్రవరి నుంచి, మోకాలి ఇంప్లాంట్లకు అదే ఏడాది ఆగస్టు నుంచి కేంద్రం గరిష్ఠ ధరలు పెట్టింది. ధరల నియంత్రణ సంస్థ ఎన్‌పీపీఏ వాటిని ప్రకటిస్తుంది. స్టెంట్ పెట్టె మీది స్టిక్కరు, దాని బిల్లు అడిగి తీసుకుంటే అంతకు మించి వేశారో లేదో తెలిసిపోతుంది.

కేస్ షీటు, రిపోర్టుల కాపీలు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని 2002 నాటి వైద్య మండలి నిబంధనలు చెబుతున్నాయి. రేపు కంపెనీ మీద ఫిర్యాదు చేయాలంటే ఇవే ఆధారం.

డబ్బు కట్టలేదని మనిషిని ఆపడం, మృతదేహం ఇవ్వకపోవడం కుదరదు. జాతీయ మానవ హక్కుల కమిషన్ 2018లో తయారు చేసిన రోగుల హక్కుల పత్రం ఈ మాట స్పష్టంగా చెప్పింది. బాకీ వసూలు చేసుకునే హక్కు ఆసుపత్రికి ఉంది, దానికి చట్టప్రకారం వేరే దారి ఉంది. మన రాష్ట్రంలో ప్రైవేటు ఆసుపత్రుల రిజిస్ట్రేషన్‌కు 2002 నాటి చట్టం ఉంది, దాన్ని చూసేది జిల్లా వైద్యాధికారి. అంటే విజయవాడ వైపు వాళ్లకు ఎన్టీఆర్ జిల్లా డీఎంహెచ్‌వో, మచిలీపట్నం, గుడివాడ వైపు వాళ్లకు కృష్ణా జిల్లా డీఎంహెచ్‌వో. ఆసుపత్రి ఏ జిల్లాలో ఉంటే ఆ జిల్లా ఆఫీసుకు ఫిర్యాదు ఇవ్వాలి. అప్పటికప్పుడు మనిషిని పంపకుండా ఆపితే 112కు ఫోన్ చేయొచ్చు.

కోత ఎక్కడ పడుతుంది

చాలా బిల్లుల్లో పెద్ద కోత గది అద్దె దగ్గర మొదలవుతుంది. మూడు లక్షల పాలసీలో గది అద్దె పరిమితి ఒక శాతం, అంటే రోజుకు 3,000 అనుకుందాం. జనరల్ వార్డు దొరక్కో, ఇంట్లోవాళ్లు ఉండటానికి వీలుగా ఉంటుందనో రోజుకు 6,000 గది తీసుకున్నారు. నాలుగు రోజులకు అద్దె 24,000. డాక్టర్ల ఫీజు, ఆపరేషన్ థియేటర్, నర్సింగ్ కలిపి 1,20,000. మందులు, ఇంప్లాంట్, పరీక్షలు 80,000. మొత్తం 2,24,000.

గది పరిమితికి రెట్టింపు కాబట్టి అద్దెలో సగం, 12,000 మాత్రమే ఇస్తారు. డాక్టర్ల ఫీజు, థియేటర్ ఖర్చు కూడా గదిని బట్టి మారతాయి కాబట్టి అందులోనూ సగమే, 60,000 వస్తాయి. కానీ మందులు, వాడి పారేసే సామాన్లు, ఇంప్లాంట్లు, పరీక్షల మీద ఈ దామాషా కోత వేయకూడదని ఐఆర్‌డీఏఐ 2020లోనే చెప్పింది. కాబట్టి 80,000 మీద గది పేరు చెప్పి కోయడానికి లేదు. ఆ లెక్కన రావాల్సింది 1,52,000. కంపెనీ మొత్తం బిల్లునే సగం చేసి 1,12,000 ఇస్తే, 40,000 తప్పుగా కోసినట్టు. ఐసీయూ చార్జీల మీద కూడా దామాషా కోత లేదు. ఏ గదికైనా ఒకే ఫీజు తీసుకునే ఆసుపత్రి అయితే డాక్టర్ల ఫీజులోనూ కోయకూడదు. ‘మా దగ్గర గదిని బట్టి ఫీజు మారదు’ అని ఆసుపత్రి నుంచి ఒక లెటర్ తీసుకుంటే చాలా పని అవుతుంది.

గ్లవ్స్, మాస్కులు, రిజిస్ట్రేషన్ ఫీజు లాంటివి చాలా పాలసీల్లో రావు. కన్స్యూమబుల్స్ రైడర్ తీసుకున్నవాళ్లకు వస్తాయి. రైడర్ లేకపోతే వాటి కోసం వాదించి టైము పోగొట్టుకోవడం దండగ.

‘పాత జబ్బు దాచారు’ అంటే

పూర్తి తిరస్కరణల్లో ఎక్కువగా వినిపించే కారణం ఇదే. బీపీ, షుగర్ ముందే ఉన్నాయి, ఫారంలో రాయలేదు, కాబట్టి క్లెయిమ్ లేదంటారు. చాలాసార్లు ఆ ఫారం నింపింది ఏజెంటు. పాలసీదారు సంతకం మాత్రం పెట్టి ఉంటాడు.

ఇక్కడ రెండు అంకెలు గుర్తుంచుకోవాలి. 2024 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన నిబంధనల ప్రకారం, ముందే ఉన్న జబ్బులకు వెయిటింగ్ పీరియడ్ 36 నెలలు దాటకూడదు. పాలసీని ఆపకుండా 60 నెలలు కడితే, ఆ తర్వాత ‘చెప్పలేదు, దాచారు’ అన్న కారణంతో క్లెయిమ్ కొట్టేయడానికి లేదు. మోసం చేశారని కంపెనీ రుజువు చేస్తే తప్ప. గతంలో ఇది 96 నెలలు ఉండేది. కంపెనీ మారినప్పుడు పోర్టబిలిటీ కింద మారి ఉంటే పాత కంపెనీలో గడిచిన కాలం కూడా లెక్కలోకి వస్తుంది. అందుకే మొదటి పాలసీ కాగితం ఎంత పాతదైనా పారేయకూడదు.

ఇలాంటి ఒక కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒకాయన 2009లో బంధువుల పెళ్లికని అమెరికా బయల్దేరుతూ ప్రయాణ బీమా తీసుకున్నారు. షుగర్ ఉందని ఫారంలో చెప్పారు, వైద్య పరీక్ష కూడా చేయించుకున్నారు. శాన్ ఫ్రాన్సిస్కోలో దిగగానే గుండెపోటు వచ్చి స్టెంట్లు వేశారు. కొలెస్టరాల్‌కు మందు వాడుతున్న సంగతి చెప్పలేదని కంపెనీ క్లెయిమ్ కొట్టేసింది. జాతీయ వినియోగదారుల కమిషన్‌లో కూడా ఆయన ఓడిపోయారు. 2021 డిసెంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును తిప్పేసింది. ఆరోగ్య స్థితి చూసుకుని పాలసీ ఇచ్చాక, ముందే తెలిపిన జబ్బునే సాకుగా చూపి కాదనడం కుదరదని చెప్పి, వడ్డీతో సహా చెల్లించమంది. అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లే తల్లిదండ్రులు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో ఎందరో ఉన్నారు. వాళ్లకు దీంట్లో పాఠం ఒకటే. ఫారంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాలి, చెప్పినదాని కాపీ దాచుకోవాలి.

తలుపులు ఒకదాని తర్వాత ఒకటి

మొదటి తలుపు కంపెనీ గ్రీవెన్స్ అధికారి. మెయిల్‌లో పాలసీ నంబరు, క్లెయిమ్ నంబరు, తిరస్కరణ లెటర్, డాక్టరు రాసిచ్చిన కాగితం పెట్టాలి. ఆవేశంగా రాసిన నాలుగు పేజీల కంటే, ‘మీరు చూపిన ఫలానా షరతు మాకు ఈ కారణం వల్ల వర్తించదు’ అని రాసిన పది లైన్లు బాగా పనిచేస్తాయి.

అక్కడ తేలకపోతే ఐఆర్‌డీఏఐ ‘బీమా భరోసా’ పోర్టల్. ఫోన్ నంబరు 155255. ఇది ఫిర్యాదును కంపెనీ ముందు పెట్టి జవాబు రాబడుతుంది, తీర్పు మాత్రం చెప్పదు.

తీర్పు చెప్పేది బీమా అంబుడ్స్‌మన్. ఆంధ్రప్రదేశ్, తెలంగాణలకు ఆఫీసు హైదరాబాద్ లక్డీకాపూల్ దగ్గర ఏసీ గార్డ్స్‌లో ఉంది. ఫిర్యాదు ఆన్‌లైన్‌లో లేదా పోస్టులో పంపొచ్చు. ఫీజు లేదు, వకీలు అక్కర్లేదు. 50 లక్షల దాకా చూస్తారు. ఆఫీసులో ఇచ్చిన గ్రూపు పాలసీలకు కూడా ఈ దారి ఉంది. కంపెనీ కాదన్న తేదీ నుంచి ఏడాదిలోపు వెళ్లాలి. కంపెనీ అసలు జవాబే ఇవ్వకపోతే నెల ఆగి వెళ్లొచ్చు. అంబుడ్స్‌మన్ ఇచ్చిన అవార్డుకు కంపెనీ కట్టుబడాల్సిందే, పాలసీదారుకు మాత్రం నచ్చకపోతే వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే వీలుంది.

వరుస తప్పితే ఇక్కడే నష్టం. ముందే వినియోగదారుల కమిషన్‌లో కేసు వేస్తే, అదే విషయం మీద అంబుడ్స్‌మన్ ఫిర్యాదు తీసుకోరు. కాబట్టి ఖర్చు లేని తలుపు ముందు తట్టడం మేలు.

చివరిది జిల్లా వినియోగదారుల కమిషన్. గడువు రెండేళ్లు. 2019 చట్టం వచ్చాక ఫిర్యాదీ ఉంటున్న చోటే కేసు వేయొచ్చు. కంపెనీ హెడ్డాఫీసు ముంబైలో ఉందని అక్కడికి పోనక్కర్లేదు. ఫీజును క్లెయిమ్ సొమ్ము మీద కాక కట్టిన సొమ్ము, అంటే ప్రీమియం మీద లెక్కిస్తారు. ఐదు లక్షల దాకా ఫీజు లేదు, కాబట్టి మామూలు ఇళ్లకు ఇది ఉచితమే. సలహాకు 1915. వకీలును పెట్టుకోలేనివాళ్లకు, ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ, న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. దాని నంబరు 15100.

కార్డు ఉన్న ఇంట్లో కూడా

ప్రైవేటు పాలసీ లేనివాళ్లకు, పాలసీ చాలనివాళ్లకు పెద్ద అండ ప్రభుత్వ పథకమే. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైంది, ఇప్పుడు డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ. పరిమితిని 2023 డిసెంబరులో 25 లక్షలకు పెంచారు. ఆసుపత్రిలో చేరిన రోజే కార్డు చూపించి, వైద్య మిత్రను కలవాలి. అత్యవసరమైతే ఫోన్ మీదే ఆమోదం తీసుకునే పద్ధతి ఉంది. డబ్బు కట్టి ఇంటికొచ్చాక ‘మాకు కార్డు ఉందండీ’ అంటే సామాన్యంగా పని జరగదు. పథకంలో ఉన్న చికిత్సకు నెట్‌వర్క్ ఆసుపత్రి డబ్బు అడిగితే 104కు చెప్పాలి. ఇది కంపెనీ బీమా కాదు, ట్రస్టు నడిపే పథకం. కాబట్టి దీని గొడవలు అంబుడ్స్‌మన్ దగ్గరికి పోవు.

కార్డు ఉన్నా పని జరగని రోజులూ వచ్చాయి. బకాయిలు రాలేదని నెట్‌వర్క్ ఆసుపత్రుల సంఘం 2025 అక్టోబరులో సేవలు ఆపేసింది. అలాంటప్పుడు ప్రైవేటులో చేరి లక్షలు పోయడమే దారి అనుకోనక్కర్లేదు. విజయవాడ ప్రభుత్వ ఆసుపత్రి, గుంటూరు జీజీహెచ్, మచిలీపట్నం ప్రభుత్వ ఆసుపత్రి, కృష్ణ దాటితే మంగళగిరి ఎయిమ్స్ ఉన్నాయి. గండం గడిచి రోగి నిలకడగా ఉంటే, డాక్టరుతో మాట్లాడి రెండో రోజే అక్కడికి మార్చుకుంటే బిల్లు ఆగుతుంది. ఐసీయూలో వారం గడిచాక ఆలోచిస్తే ఆలస్యమే.

ఇంట్లో 70 ఏళ్లు నిండినవాళ్లుంటే ఆదాయంతో పని లేకుండా ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి ఐదు లక్షల కవరేజి ఉంది. 2024 అక్టోబరు నుంచి ఇస్తున్నారు. నంబరు 14555. ఆటోనగర్ షెడ్లలో, షాపుల్లో నెలకు 21 వేల లోపు జీతానికి పనిచేసేవాళ్లు ముందు పే స్లిప్ చూసుకోవాలి. ఈఎస్ఐ కోత ఉంటే గుణదల ఈఎస్ఐ ఆసుపత్రి నుంచి పెద్ద ఆసుపత్రికి రిఫర్ చేయించుకోవచ్చు.

ఇంకా మిగిలిన బిల్లు

అన్ని తలుపులూ తట్టాక కూడా కొంత మిగులుతుంది. అప్పుడు వరుస ఇలా ఉంటే మంచిది.

ముందు ఆసుపత్రి యాజమాన్యంతో మాట్లాడాలి. బిల్లింగ్ క్లర్కుకు తగ్గించే అధికారం ఉండదు, మెడికల్ సూపరింటెండెంట్‌నో ఎండీనో కలవాలి. తగ్గింపు, వాయిదాలు అడగడం నామోషీ కాదు. ఒప్పుకున్నది కాగితం మీద పెట్టించుకోవాలి.

తర్వాత ముఖ్యమంత్రి సహాయ నిధి. పెద్ద చికిత్స ఇంకా జరగాల్సి ఉంటే ఆసుపత్రి ఎస్టిమేట్‌తో ముందే ఎల్‌వోసీ అడగొచ్చు. అయిపోయి ఉంటే బిల్లులు, డిశ్చార్జి సమ్మరీ, ఆధార్, రేషన్ కార్డు, బ్యాంకు పాసుబుక్కుతో ఎమ్మెల్యే ఆఫీసు ద్వారా దరఖాస్తు పెట్టాలి. ఇక్కడో చిక్కుంది. బీమా కంపెనీ ఒరిజినల్ బిల్లులే అడుగుతుంది, సహాయ నిధికీ ఒరిజినల్సే కావాలి. అందుకే డిశ్చార్జి రోజే ఆసుపత్రి ముద్ర వేసిన రెండో సెట్టు తీసుకోవాలి.

పీఎఫ్ ఖాతా ఉన్నవాళ్లు వైద్యానికి అందులోంచి కొంత తీసుకోవచ్చు. మసీదు కమిటీల బైతుల్ మాల్, జకాత్ నిధులు, చర్చి సంఘాలు, కులసంఘాలు ఇలాంటి వేళ ఆదుకుంటాయి. అప్పుల్లో మునిగినవాళ్లు జకాత్‌కు హక్కుదారులే. అడిగేటప్పుడు ఐటమ్‌వారీ బిల్లు, బీమా తిరస్కరణ లెటర్ చూపించి, సొమ్ము ఆసుపత్రి ఖాతాకే వేయమంటే ఇచ్చేవాళ్లకూ నమ్మకం, తీసుకునేవాళ్లకూ గౌరవం.

అప్పు తప్పకపోతే బంగారం మీద బ్యాంకు అప్పు, డ్వాక్రా సంఘం అప్పు, ఆఖరికి బంధువుల చేబదులు. ఖాళీ చెక్కు, సంతకం పెట్టిన ఖాళీ ప్రాంసరీ నోటు మాత్రం ఎవరికీ ఇవ్వకూడదు.

కాగితాలు భద్రం

2024 సెప్టెంబరు 1న బుడమేరు పొంగినప్పుడు సింగ్ నగర్, రాజరాజేశ్వరీపేట ఇళ్లలో బీరువాలే నీళ్లలో మునిగాయి. ఇంట్లో పెట్టిన కాగితానికి పూచీ లేదు. పాలసీ, ఫారం కాపీ, రేషన్ కార్డు, ఆయుష్మాన్ కార్డు, పాత రిపోర్టులు ఫోటోలు తీసి, ఇంట్లో ఇద్దరి ఫోన్లలో పెట్టుకోవాలి. ఆసుపత్రిలో చేరేది ఎవరో ముందు తెలియదు. కాగితాలన్నీ ఆ మనిషి ఫోన్‌లోనే ఉండి, ఆ ఫోన్‌కు లాక్ ఉంటే ఎవరికీ ఉపయోగం లేదు.

గడువులు గుర్తుంచుకోవడం సులువే. ఆ రోజే: రాతలో కారణం, ఐటమ్‌వారీ బిల్లు, రెండో సెట్టు. మూడు రోజుల్లో: కేస్ షీటు. వారంలో: కంపెనీకి ఫిర్యాదు. ఏడాదిలోపు: అంబుడ్స్‌మన్. రెండేళ్లలోపు: వినియోగదారుల కమిషన్. వడ్డీ వ్యాపారికి ఫోన్ ఈ వరుసలో ఎక్కడా లేదు.